వెనక్కి తిరిగిన గులాబీ

బొమ్మ పూర్తయిందని అత్తగారు ఎవరికీ చెప్పలేదు. బ్రష్షులు కడిగి, ఒక్కోదాన్నీ పాత బనీను గుడ్డతో ఒత్తి, కుచ్చులు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టారు. అంతే. మంగళవారం పొద్దున్న కోడలు హాలు ఊడుస్తూ తలెత్తేసరికి, టీవీ పక్కన గోడకు చేరగిలబడి ఉంది.

తేనె సీసా ఒకటి. చీటీ పూర్తిగా ఊడిరాక మిగిలిపోయిన జిగురు మచ్చతో సహా వేశారు. సీసాలో ఐదు పూలు, ఒక మొగ్గ. పిడికిలంత ఎర్ర డేలియా. ఒకే వైపుకు ఒరిగిన రెండు బంతిపూలు. పొడుగు కాడ పసుపు చామంతి. అన్నిటికంటే వెనక ఒక తెల్ల గులాబీ. అది అటు తిరిగి ఉంది. రేకుల మడతలకు బదులు దాని వీపు కనిపిస్తోంది, కాడ పువ్వును పట్టుకున్న చోటు కనిపిస్తోంది. సీసా అంచు మీదుగా మొగ్గ బయటికి తొంగిచూస్తోంది. బల్ల మీద రాలిన రేకు ఒకటి.

కోడలు చీపురు పక్కన పెట్టి దగ్గరికి వెళ్ళింది. ఆ పూలు ఆమె తెచ్చినవే. శుక్రవారం పూలకొట్టుకు వెళ్ళి ఏరి తెచ్చింది. కాడలు నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోసింది. నీటికి కింద పడే ఆకులన్నీ గిల్లేసింది. రోజూ పొద్దున్నే సీసా కడిగి నీళ్ళు మార్చింది. అంత తెలిసిన పూలు గోడ పక్కన కొత్తవాళ్ళలా నిలబడి ఉన్నాయి.

మొదట వచ్చింది మామగారు. లెక్కల మాస్టారుగా రిటైరై ఆరేళ్ళయినా, దేని ముందు నిలబడ్డా నల్లబల్ల ముందు నిలబడ్డట్టే ఉంటారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దించి, మళ్ళీ తోశారు.

"ఈ ఎర్రగా మండిపడుతున్నది ఎవరో నాకు తెలుసులే," అన్నారు.

హాస్యానికే అన్నారు. కానీ ఆడపడుచు జుట్టులో దువ్వెనతోనే పరిగెత్తుకొచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని ఆమెది; తొమ్మిదింటికల్లా అక్కడుండాలి.

"అవును నాన్నా! అమ్మ నిన్ను భలే పట్టేసింది. మరి ఈ చామంతి?"

"ఇంకెవరు, నువ్వే," అన్నాడు మరిది సోఫాలోంచి లేవకుండా. "మెడ సాచి పక్కింట్లో మాటలు వింటోంది చూడు."

"పోరా! మరి ఆ రెండు బంతులూ నువ్వూ అన్నయ్యా. ఒకడు ఎటు ఒరిగితే రెండోవాడూ అటే."

"మొగ్గ నేను! మొగ్గ నాది!" అని కోడలి కూతురు పాప గెంతులేసింది.

ఇక తెల్ల గులాబీ మిగిలింది.

"అది అమ్మ," అన్నాడు కోడలి భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "మన చిన్నప్పుడు అంతేగా. ఎప్పుడు చూసినా పొయ్యి వైపు తిరిగి ఉండేది, మనకి వీపే కనిపించేది."

ఆడపడుచు కళ్ళు ఒత్తుకుంది. మామగారు గొంతు సవరించుకున్నారు. వంటింట్లోంచి అత్తగారు, "నీళ్ళు కాగాయి. ఎవరు ముందు పోసుకుంటారో తేల్చుకోండి," అని కేకేశారు.

అందరూ కదిలాక కోడలు ఒక్కతే నిలబడి లెక్కపెట్టింది. డేలియా, బంతులు రెండు, చామంతి, గులాబీ, మొగ్గ. ఆరు. ఇంట్లో ఏడుగురు. మళ్ళీ లెక్కపెట్టింది. లెక్కల మాస్టారితో సహా ఈ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదని అప్పుడు తెలిసింది.

భర్త గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే అడిగింది.

"ఏమండీ, ఆ బొమ్మలో నేనెక్కడున్నాను?"

"ఏ బొమ్మ?" అన్నాడు. తర్వాత అతని చేతులు ఆగాయి. వేళ్ళు కొంచెం కదిలాయి. లోపల లెక్క జరుగుతోందని ఆమెకు కనిపించింది. "నువ్వా... నువ్వు సీసావోయ్. సీసా లేకపోతే ఇవన్నీ ఎక్కడ నిలబడతాయి?" తన మాట తనకే బాగా నచ్చి మొహం వెలిగిపోయింది.

"సీసా కొట్లో దొరుకుతుంది."

"పోనీ నీళ్ళనుకో."

"నీళ్ళు రోజూ పారబోస్తున్నాను."

"నీతో గెలవలేం. సరే, గీసే మనిషి తనను తాను గీసుకోదు కదా? అయితే తెల్లది అమ్మ కాదు, నువ్వే. సరిపోయిందా లెక్క?" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

లెక్క సరిపోయింది. ఆమెకు మాత్రం ఇంకా అధ్వానంగా తోచింది. తెల్లది తనే అయితే, అందరికీ వీపు చూపించి ఎందుకుంది? పక్కగదిలో తన బల్ల కిటికీకి ఎదురుగా ఉంటుంది. స్కూళ్ళవాళ్ళూ కాలేజీలవాళ్ళూ పంపే సర్టిఫికెట్ల మీద పాళీతో పేర్లు రాయడం తన పని. వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. అక్కడున్నంతసేపూ హాల్లో వాళ్ళకు తన వీపే కనిపిస్తుంది. తొమ్మిదేళ్ళుగా అత్తగారి కళ్ళకు తను అలాగే కనిపిస్తోందా?

అత్తగారు చూడని మనిషి కాదు. ముప్ఫై రెండేళ్ళు ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే కిటికీ వెనక కూర్చున్నారు. మనిషిని చూడగానే ఏ డాక్టరు దగ్గరికి పంపాలో సగం తెలిసిపోయేదట. రిటైరయ్యాక లైబ్రరీ మేడ మీద బొమ్మల క్లాసులో చేరారు. ఊరికే పువ్వును తిప్పి వేస్తారా?

బుధవారం డ్రాయింగ్ మాస్టారు వచ్చారు. ఆదివారం క్లాసు వాళ్ళందరి బొమ్మలతో లైబ్రరీలో ప్రదర్శన. ఇరవై మూడు బొమ్మలకు ఇరవై మూడు కార్డులు కావాలి. పేర్లు కోడలే రాయాలి, అంత చక్కని అక్షరం ఇంకెవరికుంది? అట్టముక్కల కట్ట, పేర్ల పట్టీ బల్ల మీద పెట్టి, అత్తగారి బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"దీనికే పేరు లేదు. పేరు లేని బొమ్మ ముందు జనం ఆగరమ్మా. ఒక అర్థం ఉండాలి. ఎరుపు అంటే ఆవేశం. మొగ్గ అంటే ఆశ. రాలిన రేకు కాలం. ఇక ఈ అటు తిరిగిన గులాబీ ఉంది చూశారూ... వైరాగ్యం!"

"కాదండీ, అది అమ్మ," అంది ఆడపడుచు, ఆ రోజు సెలవు కావడంతో తీరిగ్గా. ఏ పువ్వు ఎవరో వరసగా చెప్పుకొచ్చింది. ఒక్కో పేరుకీ మాస్టారు "ఆహా" అంటూ వెనక్కి ఒక్కో అడుగు వేశారు. చివరికి తలుపు తగిలి ఆగారు.

"ఇంకేం మరి! 'నా కుటుంబం'. ఇంతకంటే మంచి పేరుందా?"

అత్తగారు నేల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఒక కాయ నొక్కి, గింజలు పళ్ళెంలో రాల్చి, "ఏదో ఒకటి రాయండి," అన్నారు, తలెత్తకుండా.

పేరు ఖాయమైంది. మామగారు రెండుసార్లు పైకి అని చూసుకుని, "నా కుటుంబం. బాగుంది. నిండుగా ఉంది," అన్నారు. కోడలు అట్టముక్కల కట్ట తీసుకుని తన గదిలోకి వెళ్ళింది.

గురువారమంతా ఆ పనే. అట్ట మీద పెన్సిలుతో కనీకనిపించని రెండు గీతలు. అక్షరాల తలకట్లు పై గీతను తాకాలి, కింది గీత దాటకూడదు. పాళీ సిరాలో ముంచి, సీసా మూతికి రెండు వైపులా ఒత్తి, పక్కన చిత్తుకాగితం మీద ఒక సున్నా చుట్టి, అప్పుడు కార్డు మీదికి. 'వర్షం తర్వాత వీధి'. 'మా మేడ మెట్లు'. 'ఉల్లిపాయలు'. సిరా ఆరాక రబ్బరుతో గీతలు తుడిచి, పొడి ఊదేసి, పక్కన పేర్చింది. వంకర పోయిన రెండు చించి మళ్ళీ రాసింది.

ఇరవై రెండయ్యాయి. ఇరవై మూడోదాని మీద గీతలు గీసి, పాళీ ముంచి, కార్డు మీద ఆనించబోయి ఆగిపోయింది. ఊళ్ళోవాళ్ళ పిల్లల పేర్లన్నీ ఈ చేత్తోనే రాసింది. ఒక్క పేరులో ఒక్క దీర్ఘం తప్పిపోనివ్వలేదు. ఇప్పుడు తను లేని బొమ్మ కింద, తన చేత్తో, అందమైన అక్షరాలతో 'నా కుటుంబం' అని రాసివ్వాలి. కొస నుంచి సిరా బొట్టు చిత్తుకాగితం మీద పడింది.

ఆమె లేచి హాల్లోకి వచ్చింది. ఎవరూ లేరు. ముక్కు బొమ్మకు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. గులాబీ వీపు మీద ఎంత పని ఉందో అప్పుడు తెలిసింది. డేలియా మొత్తం నాలుగైదు పెద్ద పూతల్లో తేలిపోయింది కానీ, ఈ ఒక్క చోట సన్న బ్రష్షుతో గంటలు కూర్చున్నారు. పువ్వు అడుగున ఐదు సన్నటి ఆకుపచ్చ ఆకులు, స్కూల్లో బొమ్మ గీసి రక్షక పత్రాలని పేరు రాసినవే, ఒక్కోటీ ఒక్కో రకంగా వంగి.

ఏదో గుర్తొస్తున్నట్టుంది, అందడం లేదు. అత్తగారు బొమ్మలు వేసుకునే వెనక గదిలోకి వెళ్ళి ఆవిడ నోటు పుస్తకం తెరిచింది. శనివారం తేదీతో పెన్సిలు చిత్తు ఉంది. అదే సీసా, అవే పూలు. అందులో గులాబీ ఇటే తిరిగి ఉంది, అందరితో పాటు, మడత మడతగా.

పోయిన సూది మెరుపు కనిపించినట్టయింది కోడలికి. ఆదివారం పొద్దున్న! సీసా కడిగి పూలు తిరిగి పెడుతుంటే పొయ్యి మీద పాలు పొంగాయి. గులాబీ ముల్లు చీరకు పట్టుకుంది. లాగి, ఎలా పడితే అలా సీసాలో గుచ్చేసి పరిగెత్తింది. పువ్వును తిప్పింది తనే.

అయితే ఇందులో అర్థమూ లేదు, పాడూ లేదు! నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగింది. తను తిప్పి పెట్టింది, నిజమే. అత్తగారు చూశారు కదా. చిటికెన వేలితో తిప్పితే మళ్ళీ ఇటు వచ్చేది. తిప్పలేదు. అలాగే ఉంచి, అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధగా దాన్నే వేశారు. ఎందుకని?

శుక్రవారం మధ్యాహ్నం మిగతావాళ్ళెవరూ ఇంట్లో లేరు. అత్తగారు వెనక గది కిటికీ దగ్గర బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు. సీసా ఇంకా బల్ల మీదే ఉంది. డేలియా వాడిపోయింది, నీళ్ళు పచ్చబడ్డాయి. మూడు రోజులుగా కోడలు మార్చలేదు.

"అత్తయ్యా, ఆ కార్డు నేను రాయలేను."

"చెయ్యి నొప్పా?"

"కాదు. అందులో ఆరే ఉన్నాయి. ఇంట్లో ఏడుగురం."

బ్లేడు ఆగింది. "ఏవి ఆరు?"

కోడలు వరసగా చెప్పింది. మామగారి డేలియా, ఆడపడుచు చామంతి, బంతిపూలు, మొగ్గ. గొంతు మామూలుగానే ఉంచుకుంది, బజారు పట్టీ చదివినట్టు. "తెల్లది మీరైతే నేను లేను. నేనైతే అందరికీ వీపు తిప్పి ఉన్నాను. రెండింట్లో ఏదో మీరే చెప్పండి. ఏదైనా రాసేస్తాను."

అత్తగారు ఆమె వైపు చూశారు. ఓపీ కిటికీలోంచి చూసిన చూపు అదే అయ్యుంటుంది: జాలి లేదు, తొందరా లేదు.

"నువ్వు కూడానా?" అన్నారు.

కోడలు సీసా వైపు చూసింది.

"వాళ్ళంటే సరే. మీ మామయ్యగారు అద్దాల షాపులోకి వెళ్ళినా ముందు తన జుట్టే చూసుకుంటారు. నువ్వు ఒక్క దీర్ఘం తేడా వస్తే కార్డు చింపేస్తావు. నువ్వైనా సరిగ్గా చూస్తావనుకున్నా." పెన్సిలు కింద పెట్టి ఒళ్ళో పొట్టు దులుపుకున్నారు. "ముప్ఫై రెండేళ్ళు ఆ కిటికీలో మొహాలే. ఈయనకి జ్వరమా, ఈవిడకి భయమా, వీడు నిజం చెప్తున్నాడా. ఇంటికొస్తే మీ మొహాలు. ఎవరికి ఆకలి, ఎవరు అలిగారు, ఎవరు ఏం దాస్తున్నారు. కంచాలు పెడుతూ చూడ్డమే. పొద్దున్న రెండు గంటలు నాతో ఏ పనీ లేనివాటిని చూద్దామని కూర్చున్నానమ్మాయ్. వాటికి ఆకలి లేదు, అలక లేదు. చూస్తే చూసినట్టుంటాయి, అంతే. హాల్లో పెట్టాను, అక్కడికీ మీ మొహాలు మోసుకొచ్చారు."

"మరి చెప్పచ్చు కదా? ఏదో ఒకటి రాయండి అన్నారు."

"చెప్తే మళ్ళీ అందరూ మొహాలు మాడ్చుకుంటారు. అవి ఎవరు చూడాలి?"

కోడలికి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఇంకా ఒకటి మిగిలింది. "ఆ గులాబీ శనివారం ఇటే ఉంది. ఆదివారం నేనే తిప్పి పెట్టాను. మీరు సరిచెయ్యలేదు."

"ఎందుకు సరిచేస్తానూ? అరవై మూడేళ్ళొచ్చాయి, గులాబీ వెనక వైపు చూసింది అదే మొదలు. ఇటు రా." అత్తగారు సీసాలోంచి వాడిన గులాబీని పైకి తీసి, నీళ్ళు విదిల్చి, తలకిందులు చేసి పట్టుకున్నారు. తన కళ్ళజోడు తీసి కోడలికిచ్చారు. "ఐదు ఆకులు కదా. అంచులు చూడు."

కోడలు చూసింది. మొదట ఆకుపచ్చ తప్ప ఏమీ కనిపించలేదు. కాడను మెల్లగా తిప్పింది.

"ఈ ఆకుకి మీసాలున్నట్టున్నాయే. రెండు పక్కలా."

"ఇంకోదానికీ ఉన్నాయి. తర్వాత?"

"వీటికి లేవు. ఈ రెండూ నున్నగా ఉన్నాయి." ఇంకొంచెం తిప్పింది. ఐదోదాని దగ్గర ఆమె వేలు ఆగింది. "దీనికి... ఒక పక్కే ఉంది! ఒక పక్క ఉంది, ఒక పక్క లేదు."

"అదీ!" అన్నారు అత్తగారు, ఆమె ఎన్నడూ వినని గొంతుతో. పదేళ్ళ పిల్ల గొంతు. "రెండింటికి రెండేసి, రెండింటికి ఏమీ లేవు, ఒకదానికి సగం. ఆదివారమంతా అదే చూశాను. ఎవరైనా కావాలని పెడతారా అలా? నమ్మలేక పక్కవాళ్ళ పెరట్లో గులాబీలు కూడా వెళ్ళి చూసొచ్చాను. అన్నీ అంతే!"

కోడలు కళ్ళజోడుతోనే హాల్లోకి వెళ్ళింది. బొమ్మలో ఐదు ఆకులూ వరసగా చూసింది. మీసాలు, మీసాలు, నున్నన, నున్నన, సగం. ఒక్క గీత తేడా లేదు. నిన్న ఇంత దగ్గరగా ముక్కు పెట్టి కూడా తను చూసింది తన వీపునే.

వెనక్కి వచ్చి కళ్ళజోడు ఇచ్చింది. "కార్డు మీద ఏం రాయమంటారు?"

"ఏముందో అది రాయి."

సాయంత్రం మామగారు ఆరిన కార్డు చేతిలోకి తీసుకుని చదివారు. 'డేలియా, చామంతి, రెండు బంతులు, మొగ్గ, గులాబీ వెనక వైపు.'

"ఇదేం పేరమ్మాయీ? పచారీ చీటీలా ఉంది!"

"అత్తయ్య చెప్పారండీ."

ఆయన వంటింటి వైపు చూశారు, కార్డు వైపు చూశారు. "అక్షరాలు మాత్రం ముత్యాలు," అని అక్కడ పెట్టేశారు.

ఆదివారం లైబ్రరీ మేడ మీద గది నిండిపోయింది. కార్డు ఏం చెప్పినా మామగారు తన పద్ధతి మానలేదు. బొమ్మ పక్కన చేతికర్ర లేని గైడులా నిలబడి, వచ్చినవాళ్ళకల్లా, "ఈ ఎర్రది నేనండీ. ఇది మా అమ్మాయి, ఇవి మా అబ్బాయిలు," అని చూపిస్తున్నారు. జనం నవ్వుతూ వింటున్నారు. డ్రాయింగ్ మాస్టారు దూరం నుంచి చూసి తృప్తిగా తలాడించారు.

చంకలో గొడుగు పెట్టుకున్న ఒక పెద్దావిడ అన్నీ విని, పక్కనే నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి?"

"మా కోడలండీ. కార్డులన్నీ తనే రాసింది."

"అలాగా. మరి నువ్వెవరివమ్మా ఇందులో?"

వారమంతా ఆమె భయపడ్డ ప్రశ్న అదే. నలుగురిలో అడిగితే ఏం చెప్పాలని మంగళవారం నుంచీ జవాబులు కూర్చుకుంటూనే ఉంది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ అవసరం పడలేదు.

"నేనా? నేనిందులో లేనండి," అంది, కొట్లో ఏదో సరుకు లేదని చెప్పినంత తేలిగ్గా. అన్నాక ఆ తేలిక చూసి తనే ఆశ్చర్యపోయింది.

పెద్దావిడ మొహం జాలిగా మారింది. మామగారి మొహం పాలిపోయింది. ఆయన బొమ్మ వైపు తిరిగి, పెదవులు కదుపుతూ, కుడిచేతి బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టారు. ఒకసారి. ఇంకోసారి. "అమ్మాయీ..." అన్నారు.

కోడలు అప్పటికే అక్కడ లేదు. గదికి ఆ చివర అత్తగారు కనిపించారు. తన బొమ్మ దగ్గరికి పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరో వేసిన ఉల్లిపాయల ముందు వంగి ఉన్నారు. కోడలు వెళ్ళి పక్కన వంగింది.

"ఈ పొట్టు చూడు," అన్నారు అత్తగారు. "ఊడింది కానీ రాలలేదు. దాని కింద నీడ ఏ రంగో చెప్పు."

"నలుపు... కాదు. ఉండండి. ఊదా?"

"నేనూ అదే అనుకుంటున్నా. అంచు దగ్గర మాత్రం వేరే ఏదో ఉంది."

వెనక అడుగుల చప్పుడైంది. మామగారు జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నిలబడ్డారు. లెక్కపెట్టిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. కోడలి వైపు చూసి ఏదో అనబోయారు. ఆమె మొహంలో తను వెతికిన బాధ కనిపించక, ఉల్లిపాయల బొమ్మ వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"ఇందులో మనవాళ్ళెవరూ లేరు కదా?" అని అడిగారు, జాగ్రత్తగా.

"లేరు," అన్నారు అత్తగారు.

"అమ్మయ్య," అని మామగారు కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని, వాళ్ళిద్దరి మధ్యా చోటు చేసుకుని వంగారు. "ఏదీ, ఎక్కడుందన్నారు ఆ ఊదా?"